ఆరని గోడల మీద మళ్లీ వాన

ఈ సంచికలో తీజ్ గురించి, సేవాలాల్ మహరాజ్ గురించి, సమ్మక్క సారలమ్మల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు. వార్డెన్‌ను కాబట్టి నన్ను పిల్లల చదువుల మీద రాయమన్నారు. రాద్దామని కూర్చుంటే చదువు కంటే ముందు వాగు గుర్తొచ్చింది. 2023, 2024, 2025 - మూడేళ్లు వరసగా పాత వరంగల్ జిల్లాలో ఏదో ఒక మూల ఊరో తండానో మునిగింది. ఒక వరద తెచ్చిన బురద కడిగి ముగించకముందే ఇంకో హెచ్చరిక వచ్చింది. చరిత్ర అంటే కాకతీయులు, నిజాం, సాయుధ పోరాటం అని మీకు పుస్తకాలు చెప్పాయి. మీ ఇంటి గోడ మీద నడుమెత్తున ఉన్న బురద గీతను కూడా ఎవరో ఒకరు రాయాలి కదా, తమ్ముళ్లూ చెల్లెళ్లూ. ఇది ఆ ప్రయత్నం.

ముందు చిన్న పాఠం. టీచరు ట్రైనింగు చేసినదాన్ని, అలవాటు పోదు. బంగాళాఖాతంలో గాలి ఒత్తిడి తగ్గితే అల్పపీడనం. అది బలపడితే వాయుగుండం. సుడి తిరిగే గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుఫాను, అప్పుడు గానీ దానికి పేరు పెట్టరు. అట్లాంటిక్ సముద్రంలో ఇలాంటిదే బాగా ముదిరితే హరికేన్ అంటారు. గమనించండి, ఈ మెట్లన్నీ గాలిని బట్టి పెట్టినవి, వానను బట్టి కాదు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మనకు గాలి కంటే వానతోనే గండం. 2023 జులైలో మనల్ని ముంచింది అల్పపీడనం. 2024 ఆగస్టు చివర్లో వచ్చింది వాయుగుండం. 2025 అక్టోబరులో వచ్చింది మొంథా తుఫాను. మూడింటిలో ఒక్కరోజులో ఎక్కువ వాన కుమ్మరించింది పేరు కూడా లేని మొదటిది. కాబట్టి టీవీలో "తుఫాను కాదట, వాయుగుండమేనట" అని వినబడగానే నిమ్మళంగా పడుకోకండి.

మన పెద్దలకు వరద అంటే గోదావరి వరద. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఏటూరునాగారం వైపు కోయ గూడేల్లో ఇప్పటికీ పిల్లల వయసు చెప్పడానికి "పెద్ద వరదకు ముందు, పెద్ద వరదకు తర్వాత" అనే ముసలివాళ్లు ఉన్నారు. 1986 తర్వాత అన్నిటికంటే ఎత్తుకు వచ్చిన వరద 2022 జులై 16న, 71.3 అడుగులు. భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరం పంపుహౌసులోకి నీళ్లు జొరబడింది ఆ వరదలోనే. రెండింటి నడుమ ముప్పై ఆరేళ్లు. మధ్యలో వేరే వరదలూ వచ్చాయి, పోయాయి. కానీ 1986లో ఇల్లు పోయిన మనిషికి మళ్లీ గోడలు లేపుకోవడానికి, అప్పు తీర్చడానికి, మనవళ్లను ఎత్తుకోవడానికి కాలం దొరికింది. 2022 తర్వాత అలాంటి ఎడం దొరకలేదు.

2023 జులై 27, గురువారం. ఆ తెల్లవారితో ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. అంతకుముందు రాష్ట్రంలో రికార్డు 2013 జులైలో వాజేడులో పడిన 517.5. తెలంగాణలో ఏడాది మొత్తానికి సగటున పడేదే 900 మిల్లీమీటర్ల దరిదాపులు. అందులో మూడింట రెండు వంతులు ఒక్క రోజులో పడిందన్న మాట. అంత నీటిని ఏ చెరువూ ఆపలేదు. మత్తళ్లు దుంకాయి, కట్టలకు గండ్లు పడ్డాయి.

పరకాల నుంచి భూపాలపల్లి పోయే రోడ్డు మీద మోరంచపల్లి ఉంటుంది. మోరంచవాగు ఊరి మీదికి వచ్చేసరికి ఇంకా తెల్లవారలేదు. జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చేదాకా అక్కడే ఉన్నారు. నలుగురు కొట్టుకుపోయారు. కట్టేసిన గొడ్లు కట్టుగొయ్యల దగ్గరే చచ్చిపోయాయి. అదే రోజు చిట్యాల మండలం నైన్‌పాక దగ్గర వాగు మధ్య జేసీబీ మీద చిక్కుకున్న ఆరుగురిని హెలికాప్టర్‌తో తీశారు. మీలో చాలామంది ఆ వీడియో చూసే ఉంటారు.

ఏటూరునాగారం మండలం కొండాయిని మాత్రం వీడియోల్లో తక్కువ చూశాం. మేడారం జాతరకు గోవిందరాజు దేవుణ్ణి తీసుకొచ్చేది ఆ కొండాయి నుంచే. పగిడిద్దరాజు మన మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి వస్తాడు. ఇద్దరూ దాటి వచ్చేది వాగులే. సమ్మక్క కొడుకు జంపన్న ఒరిగిన సంపెంగ వాగునే జంపన్నవాగు అంటాం. ఆ వాగు ఆ రోజు కొండాయిని కమ్మేసింది. అక్కడ ఎనిమిది మంది పోయారు. నీళ్లు ఊళ్లోకి వచ్చాక, పక్క ఊరికి చేరుకుందామని బయల్దేరినవాళ్లు దారిలో వాగు పాలయ్యారు.

ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట చాలామంది ఎక్కిన డాబా మీదే ఆగి బతికారు. ఇంకోచోట నడక మొదలుపెట్టే వేళకు దారి వాగైపోయింది. ఊరు వదలడం మంచిదే, అది నీళ్లు రాకముందు. నీళ్లు వచ్చాక ఎత్తు దొరికిన చోటు వదలకూడదు. ఈ ఒక్క తేడాను మా హాస్టల్లో ఆరో తరగతి పిల్ల నుంచి ఇంటర్ పిల్ల దాకా అందరి చేతా చెప్పించాను.

ఆ తర్వాత పదమూడు నెలలు. మోరంచపల్లిలో కొత్త గొడ్లను కొన్న అప్పు ఇంకా వడ్డీ లాగుతూనే ఉంది. 2024 ఆగస్టు 31, శనివారం. శ్రావణమాసం చివర, చాలా తండాల్లో తీజ్ ముగిసి ఎక్కువ రోజులు కాలేదు. ఆ రాత్రి వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. వాన అంతా మహబూబాబాద్, ఖమ్మం, సూర్యాపేట వైపు దిగింది. ఆదివారం తెల్లవారేసరికి మరిపెడ మండలం సీతారాం తండాను ఆకేరు ముంచేసింది. జనం ఇళ్ల కప్పుల మీద. పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వంతెన మీదుగా కారులో పోతున్న తండ్రీ కూతుళ్లు కొట్టుకుపోయారు. ఆ అమ్మాయి మన తండాల్లో పుట్టి వ్యవసాయ శాస్త్రవేత్త అయిన బిడ్డ. ఆ వార్త వచ్చిన రోజు మా స్టడీ హాల్లో ఎవరూ పుస్తకం తెరవలేదు.

అదే 31న మేడారం–తాడ్వాయి అడవిలో ఈదురుగాలికి యాభై వేలకు పైగా చెట్లు నేలకొరిగాయి. డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లా కేంద్రంగా భూమి కూడా కంపించింది, తీవ్రత 5.3. "ఇంకేం మిగిలింది మేడం?" అని నవ్వుతూ అడిగింది మా వంటమ్మ. ఆమె నవ్వు చూసి నాకు నవ్వు రాలేదు.

కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర, మట్టి మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడిన ఫొటో దేశమంతా చూసింది. వందల మంది రాత్రింబవళ్లు పనిచేసి వారం తిరక్కుండానే రైళ్లు నడిపారు. గొప్ప పనే. నేను అంటున్నది ఒక్కటే. పట్టాలు లేవడానికి వారం చాలింది. అదే వానకు కూలిన తండా గోడ లేవడానికి ఏడాది చాలలేదు. పట్టాలకు కంకర ఎక్కడినుంచి రావాలో, డబ్బు ఎవరు పెట్టాలో, ఏ ఇంజనీరు సంతకం చేయాలో ముందే రాసిపెట్టి ఉంది. తండా గోడకు అలా ఏదీ రాసిపెట్టి లేదు. పంట నష్టానికి ఎకరానికి పదివేలు ప్రకటించారు. పట్టా ఉన్నవాడి ఖాతాకు అది చేరుతుంది. కౌలుకు దున్నినవాడికి, పాసుబుక్కు ఇంకా తండ్రి పేరునే ఉన్నవాడికి, పోడు పట్టా కాగితం నీళ్లలో కలిసినవాడికి దానికోసం ఆఫీసుల చుట్టూ తిరగడమే ఒక పని.

ఈ రైలు మాట వచ్చింది కాబట్టి కొంచెం వెనక్కి పోతాను. మన తండాలు వాగుల ఒడ్డున ఎందుకున్నాయి? ఈ ప్రశ్న చాలామంది పిల్లలు అడిగారు. మన లంబాడా పూర్వికులు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన బిడారు జనం. తీరం నుంచి ఉప్పు ఎక్కించుకుని దక్కను లోపలికి, ఇక్కడి ధాన్యం అటువైపు. వానాకాలం నాలుగు నెలలు బిడారు కదిలేది కాదు. గడ్డి ఉండి, నీరు నిలవని గడ్డ చూసుకుని అక్కడ గుడిసెలు వేసుకునేవాళ్లు. అంటే, ఏటా వాన వచ్చేముందు ఎత్తుకు చేరడం మనకు పాత అలవాటు. 1889లో రైలు సికింద్రాబాద్ నుంచి డోర్నకల్ మీదుగా బెజవాడకు చేరింది. ఎడ్ల మోత పని పోయింది. అంతకుముందే 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి తిరిగే జనాల్లో చాలామందిని దొంగల్లా చూడటం మొదలుపెట్టారు. తిరగడం ఆపి సేద్యంలోకి దిగిన మనవాళ్లకు మంచి భూములు ఎవరిస్తారు? చెరువు కింది నల్లరేగడి అప్పటికే ఊళ్ల చేతుల్లో ఉంది. మిగిలింది అడవి అంచు, గుట్ట వాలు, వాగు ఒడ్డు. మన మహబూబాబాద్‌లో, జనగామ గడ్డ మీద, భూపాలపల్లి అడవి పక్కన ఉన్న తండాలను మ్యాపు మీద చుక్కలు పెట్టి చూడండి, నా మాట అర్థమవుతుంది. ఎడ్లకు తాగడానికి పనికొచ్చిన వాగు, ఇప్పుడు పైనున్న చెరువులన్నీ ఒకేసారి తెగితే మన మీదికే వస్తుంది.

మన కథకు జోడీ ఒకటి కోస్తాలో ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. మత్స్యకారులు, గుడిసెల్లో ఉన్న యానాదులు, కోతలకు వచ్చిన వలస కూలీలు ఎక్కువ. కూలికి వచ్చినవాళ్ల పేర్లు ఏ ఊరి రికార్డులోనూ ఉండవు కాబట్టి అసలు లెక్క ఎవరికీ అందలేదు. పద్దెనిమిది నెలలు తిరిగాయో లేదో 1979 మేలో ఇంకో పెద్ద తుఫాను అదే కోస్తా వైపు వచ్చింది. దివిసీమలో చాలామంది ఇంకా తాత్కాలిక గుడిసెల్లోనే ఉన్నారు. కానీ ఈసారి లక్షల మందిని ముందే కదిలించారు. జనం కూడా కదిలారు, ఎందుకంటే శవాలను చూసిన కళ్లు అవే. నెల్లూరు, ప్రకాశం వైపు తాకిన ఆ తుఫానులో సుమారు ఏడు వందల మంది పోయారు. 1990 మే 9 తుఫాను నాటికి ఆరు లక్షల మందికి పైగా తరలించారు. మరణాలు వెయ్యి దగ్గర ఆగాయి. 1977తో పోలిస్తే పదో వంతు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది ప్రభుత్వ కరపత్రం అవుతుంది. పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1977 నుంచి పదేళ్ల పైచిలుకు కృష్ణా డెల్టా పల్లెల పరిస్థితిని పరిశీలించి 1992లో పుస్తకం అచ్చు వేశాడు. ప్రాణాలు దక్కడం ఒకటి, బతుకు దక్కడం ఇంకొకటి అని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. భూమి, గొడ్డు, అప్పు ఇచ్చే బంధువు ఉన్న ఇల్లు లేచి నిలబడింది. ఇవేవీ లేని ఇల్లు ప్రతి గాలికీ ఇంకో మెట్టు కిందికి దిగింది. తుఫాను అందరి మీదా ఒకేలా వచ్చినా, తర్వాతి తుఫాను నాటికి అందరూ ఒకే చోట నిలబడి లేరు. నాకు ఇదే అసలు విషయం అనిపిస్తుంది. ఒక తండా ఎంత సిద్ధంగా ఉందో తెలియాలంటే తాళ్లు, టార్చిలైట్లు లెక్కపెట్టి లాభం లేదు. పోయిన వరదకు కూలిన గోడల్లో ఎన్ని లేచాయి, ఎన్ని బర్రెలు తిరిగి వచ్చాయి, ఎంత అప్పు తీరింది - ఇవి లెక్కపెట్టాలి.

డబ్బున్న దేశంలోనైనా ఇంతే. 2024 సెప్టెంబరు 26న అమెరికాలో ఫ్లోరిడాను హెలీన్ అనే హరికేన్ కొట్టింది. ఇళ్లలోంచి తడిసిన పరుపులు, సోఫాలు, విరిగిన చెక్కలు తెచ్చి వీధుల్లో కుప్పలు పోశారు. ఆ కుప్పలు ఎత్తకముందే, పదమూడో రోజున, అక్టోబరు 9న, మిల్టన్ వచ్చింది. గాలికి ఆ చెత్తే ఎగిరి తూటాల్లా తగులుతుందని లారీలు రాత్రింబవళ్లు నడిపి ఎత్తించారు. వాళ్లకు పదమూడు రోజులు. దివిసీమకు పద్దెనిమిది నెలలు. ఆకేరు ఒడ్డుకు పద్నాలుగు నెలలు.

అవును, ఆ పద్నాలుగు నెలల తర్వాతి సంగతి చెప్పాలి. 2025 అక్టోబరు 28, మంగళవారం. దీపావళి అయిపోయి వారం. వరి కోతలు మొదలయ్యాయి, పత్తి ఏరుతున్నారు. మొంథా ఆ రాత్రి నర్సాపురం ప్రాంతంలో తీరం దాటుతుందని ఫోన్లన్నీ మోగుతున్నాయి. ఆ పేరు పెట్టింది థాయిలాండ్ అట, మంచి వాసన ఉన్న పువ్వు అని అర్థమట. పిల్లలు నవ్వుకున్నారు.

సాయంత్రం స్టడీ అవర్లో నేను చేయించిన పనులు చాలా మామూలువి. ట్రంకు పెట్టెలన్నీ మంచాల మీదికి ఎక్కించాం. ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, టీసీ, పదో తరగతి మెమో - వీటిని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టించి ఒక్కచోట, పై అంతస్తు బీరువాలో పెట్టించాం. 1976 చట్టంతో మనకు దక్కిన హక్కు పిల్లదాకా చేరాలంటే ఆ కాగితం పొడిగా ఉండాలి. పోయిన ఏడు వరదలో కుల పత్రం పోగొట్టుకున్న ఒక పిల్లకు మళ్లీ తీసుకోవడానికి ఒక ఆఫీసుకు ఎన్నిసార్లు తిప్పారో నాకు తెలుసు. స్కాలర్‌షిప్పు గడువు దాటిపోయింది. మూడు రోజులకు బియ్యం, పప్పు, నిండు సిలిండరు చూసుకున్నాం. డ్రమ్ములన్నీ మంచినీళ్లతో నింపాం. వరద వేళ అందరూ మరిచేది తాగే నీరే. మందులు వేసుకునే పిల్లల పేర్లు ఏఎన్ఎంతో కలిసి రాసి గోడకు అంటించాం.

తర్వాత ఇళ్లకు ఫోన్లు చేయించాను. ఆకేరు ఒడ్డు తండా పిల్ల ఒకతి, తొమ్మిదో తరగతి, తండ్రితో మాట్లాడి ఫోన్ నా చేతికి ఇచ్చి ఊరుకుంది. ఏమైందే అని అడిగితే, "తలుపులు గట్టిగా వేసుకోమని చెప్పమన్నారు కదా మేడం, మా ఇంటికి ఇంకా తలుపు లేదు" అంది. పోయిన ఏడు కొట్టుకుపోయిన తలుపు. గోడ లేపారు, కప్పు వేశారు, తలుపుకు వచ్చేసరికి పత్తి డబ్బులు రానీ అన్నారు. పత్తి చేలో ఉంది. తుఫాను తీరంలో ఉంది.

ఆ రాత్రి వాళ్లను బడి భవనంలోకి పొమ్మని చెప్పాం. వెళ్లారు. ఇలా చెబితే తేలిగ్గా ఉంది గానీ, తండాలో ఇల్లు వదలడం అంత సులువు కాదు. గొడ్లను ఎవరు చూస్తారు? కొత్తగా కొన్న మోటారు? ఎప్పుడో ఒకసారి వెళ్లి, ఏమీ రాక తిరిగొస్తే నలుగురూ నవ్వుతారేమో అన్న బెరుకు. దానికి నా జవాబు: వెళ్లి ఊరకే తిరిగొచ్చిన రాత్రిని అదృష్టంగా లెక్కేసుకోండి.

29న ఏం జరిగిందో మీరు చూశారు. తీరంలో గాలి తగ్గింది, వాన మన దాకా నడిచి వచ్చింది. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లు దాటింది. వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్లలో ఉన్నాయి. డోర్నకల్ స్టేషన్లో పట్టాలు మునిగి రైళ్లు ఆగిపోయాయి. వరద కంటే కరువే ఎక్కువ తెలిసిన జనగామ జిల్లాలో కల్లాల మీద వడ్లు, మక్కలు తడిసి మొలకెత్తాయి. పత్తి నల్లబడింది. ఆ పిల్ల ఇంట్లోకి నీళ్లు రాలేదు. తలుపు డబ్బులు మాత్రం చేలోనే తడిసిపోయాయి. ఇలాంటి నష్టం ఏ జాబితాలోనూ ఉండదు. ఇల్లు మునగలేదు కాబట్టి వరద బాధితులు కారు, పోయిన ఏటి బాధితులైతే ఆ ఫైలు ముగిసింది.

ఇప్పుడు కొంచెం తగువు పెట్టుకునే మాట. 2024 సెప్టెంబరులో ముఖ్యమంత్రి సీతారాం తండాకు వచ్చినప్పుడు ఇందిరమ్మ ఇళ్ల మాట, పక్క తండాలతో కలిపి ఒకచోట ఊరు కట్టే మాట వినబడ్డాయి. అప్పటినుంచి వాగు ఒడ్డున ఏ తండాకు పోయినా ఇదే చర్చ. కదలాలా, ఉండాలా? ముసలివాళ్లు సేవాలాల్ గుడిని, మేరామ యాడిని, పెద్దలను సాగనంపిన చోటును వదిలి రామంటారు. మీ వయసువాళ్లు రోడ్డు పక్కన, సిగ్నల్ ఉన్నచోట ఇల్లు కావాలంటారు. రెండు వైపులా నిజం ఉంది.

నా మటుకు నేను కదలడం వైపే. వాన వచ్చేముందు గడ్డ ఎక్కడం మన తాతముత్తాతల పద్ధతి అని పైన చెప్పాను. దాన్ని ఓడిపోవడం అనుకోనక్కర లేదు. కానీ రెండు షరతులు. ఒకటి, తండా మొత్తం కలిసి కదలాలి. చీటీలు తీసి ఇళ్లు పంచితే అన్నకు ఒక లైను, తమ్ముడికి ఇంకో లైను పడుతుంది. రాత్రి నీళ్లు వస్తే తలుపు కొట్టి లేపేది పక్కింటి మనిషే. ఆ పక్కిల్లు మారిపోతే హెచ్చరిక మారిపోయినట్టే. రెండు, చేను నడిచి పోయే దూరంలో ఉండాలి. లేకపోతే కాలనీ ఇంటికి తాళం వేసి చేలో పాక వేసుకుంటారు, అది మళ్లీ వాగు ఒడ్డునే ఉంటుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు పంచాయతీలయ్యాయి. ఈ రెండు షరతులనూ గ్రామసభ తీర్మానంలో రాయించుకునే అధికారం మన చేతికే వచ్చింది. తీర్మానం పుస్తకం ఎవరి దగ్గర ఉందో, చివరి సభ ఎప్పుడు జరిగిందో మీలో ఎంతమందికి తెలుసు?

ఈలోగా ఖర్చు లేని పని ఒకటి ఉంది. మరిపెడలో చినుకు పడకపోయినా ఆకేరు వస్తుంది, ఎగువన వర్ధన్నపేట వైపు దంచితే చాలు. అక్కడినుంచి నీళ్లు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. ఎగువ తండాల్లో మనకు వియ్యంకులు, మేనమామలు, అక్కాబావలు లేని ఇల్లుందా? పూర్వం నగారా మోగితే తండా అంతా నాయక్ ఇంటి ముందు చేరేది. ఇప్పుడు పెళ్లి వీడియోలు పంపుకునే వాట్సాప్ గ్రూపులోనే "మా దగ్గర చెరువు మత్తడి దుంకుతోంది" అని ఒక ముక్క పెడితే దిగువ తండాకు గొడ్లను విప్పే టైము దొరుకుతుంది. మోరంచవాగు ఒడ్డున ఉన్నవాళ్లకూ ఇదే.

మొంథా తర్వాత మా హాస్టల్లో ఒక లాంగ్ నోట్‌బుక్కు పెట్టాం. సెలవులకు ఇంటికి పోయిన ప్రతి పిల్లా తన తండాలోనో గూడెంలోనో ముసలివాళ్లను అడిగి ఒక పేజీ రాసుకు రావాలి. వాగు ఎప్పుడెప్పుడు వచ్చింది, ఏ చెట్టు దాకా, ఏ ఇంటి మెట్టు దాకా వచ్చింది, ఎటువైపు నుంచి ముందు వచ్చింది, ఎవరు ఎక్కడికి ఎక్కి బతికారు. ఒక కోయ పిల్ల తాత చెప్పినట్టు రాసింది: వాగు చప్పుడు ఆగిపోతే భయపడాలట, వాగులో నీళ్లు పొర్లి పక్కకు పారుతున్నట్టట. ఇంకో పిల్ల తమ తండాలో బావి మూడో మెట్టు మునిగితే బడి ముంగిటికి నీళ్లు రావడానికి ఎంతసేపో వాళ్ల దాది వేళ్ల మీద లెక్కగట్టి చెప్పిందని రాసింది, రెండు బర్రెల పాలు పిండేంత సేపట. చాలా పేజీల్లో 2000కు ముందు గడులు ఖాళీగానే ఉన్నాయి. 1986ను కళ్లారా చూసినవాళ్లు మా పిల్లల ఇళ్లలో ఇప్పుడు అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు. మీ ఇంట్లో ఉంటే ఈ వానాకాలం లోపే పక్కన కూర్చుని అడగండి. రాసిన పేజీ ఫొటో తీసి ఎగువ తండాలో ఉన్న చుట్టానికి కూడా పంపండి.